గోడకు ఆనించిన నిచ్చెన

"ఏయ్! ఎవరు నువ్వు? మా గోడ ఎందుకు పలగ్గొడుతున్నవ్?"

నిచ్చెన మీదున్న అమ్మాయి సుత్తె ఆపలేదు. ఉలి మీద ఇంకో దెబ్బ వేసింది. సిమెంటు పెచ్చు ఒకటి ఊడి, తరుణ్ అప్పుడే బండి మీంచి దింపిన డ్రోన్ మీద, సరిగ్గా నడిమధ్యన పడింది.

"మీ గోడ ముందే పలిగింది. నేను దాని మీది దుప్పటి తీసిన, గంతే."

"నా డ్రోన్!"

"గోడ కింద డ్రోన్ పెట్టమని నేను చెప్పిన్నా?"

తరుణ్‌కి ఒళ్లు మండింది. ఆ డ్రోన్ అతనికి అన్నం పెట్టే తల్లి. మెదక్ చుట్టుపక్కల, అటు కౌడిపల్లి దాకా వరి పొలాలకు దాంతోనే మందు కొడతాడు. రుమాలుతో దుమ్ము దులిపి, నాలుగు మాటలు గట్టిగా అందామని తలెత్తాడు. ఆమె మొఖానికి కట్టుకున్న చున్నీ కిందికి లాగి నవ్వుతోంది. ముక్కు మీద ఎర్రటి ఇటుక పొడి. ఆ నాలుగు మాటలూ మర్చిపోయి, అదే దుమ్ము రుమాలుతో తన మొఖం తుడుచుకున్నాడు.

తరుణ్ గురించి ముందే చెప్పుకోవాలి. కుదురు లేని మనిషి. చాయ్ ఆరేదాకా ఆగలేక రోజూ నాలుక కాల్చుకుంటాడు. సినిమాకు పోతే ఇంటర్వెల్లో లేచొచ్చి, చివరికి ఏమైందో దోస్తులకు ఫోన్ చేసి అడుగుతాడు. రైలు గేటు పడితే చుట్టుదారి పట్టి, గేటు దగ్గర ఆగినవాళ్ల కంటే వెనక చేరతాడు. "వీడు కడుపులనే ఆగలే, నెల ముందే వచ్చిండు" అంటుంది వాళ్లమ్మ సుశీల.

ఆ సుశీలే చాయ్ గ్లాసులతో బయటికొచ్చింది. "లొల్లి చెయ్యకురా. రఘుపతి మేస్త్రీ బిడ్డ, సుమన. పాలిటెక్నిక్‌ల సివిల్ చదివింది. రఘుపతికి మోకాళ్లు పోయినయి కదా, గోడ పని ఈ పిల్లనే చూస్తది."

"గోడ కూలగొడ్తమని కదా డాడీ అన్నడు! ముందర దుకాణాల షట్టర్లు వేస్తే ఒకటి నా డ్రోన్ ఆఫీసుకు ఇస్తనన్నడు..."

సుమన మొఖంలో నవ్వు ఆగిపోయింది. చున్నీ మళ్లీ ముక్కు మీదికి లాక్కుంది.

"అడ్డం జరుగుండ్రి సార్," అంది. ఆ 'సార్' ఉలి దెబ్బ కంటే గట్టిగా తగిలింది.

*

మెదక్ ఖిల్లా కింది గల్లీలో తరుణ్ తండ్రి దామోదర్ ఇల్లంటే అందరికీ తెలుసు. నిజాం కాలం నాటి ఇల్లు, ముందర ఎర్రటి ఇటుక గోడ. ఏదో సంవత్సరం ఎవరో మంచి చేద్దామని ఆ గోడకు పైనుంచి కింది దాకా సిమెంటు మెత్తారు. లోపల దూరిన చెమ్మకు బయటికొచ్చే దారి లేకపోయింది. ఇటుకలు లోలోపలే పొడి పొడి అయ్యాయి. వాన పడితే చాలు, హాల్లో గోడ మీద నల్లటి మరకలు లేస్తాయి.

దామోదర్‌కు విసుగొచ్చింది. అన్నీ ఒక్క దెబ్బకు తేలిపోవాలనుకునే మనిషి. కొడుక్కి ఆ గుణం ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. కూలగొట్టి షట్టర్లు వేద్దామన్నాడు. సుశీల ఆ గోడనే చూసుకుంటూ ఈ ఇంట్లో కాలుపెట్టిన మనిషి, ససేమిరా అంది. చివరికి దామోదర్ ఒక మాట మీద ఆగాడు.

"సరే, బాగు చేపియ్యి. మిరుగం కార్తె వానకు హాల్ల చెమ్మ కనబడ్డదా, తెల్లారి జేసీబీ వస్తది. మళ్ల నన్ను ఏమనొద్దు."

అట్లా సుమన చేతికి గోడ వచ్చింది. ఆమెకు సాయంగా సున్నం కలిపే ఆగమ్మ. ఆగమ్మ పనికంటే ఎక్కువ మాట్లాడుతుంది, మాటకంటే ఎక్కువ చూస్తుంది.

రెండో రోజు పొద్దున్నే తరుణ్ నిచ్చెనతో గొడవ పెట్టుకున్నాడు. అది సరిగ్గా బండి పెట్టే చోట గోడకు ఆనించి ఉంది.

"ఆగవ్వా, గీ నిచ్చెన రోజు సాయంత్రం తీసి పక్కకు పెట్టరాదు?"

"అయ్యో, కదిలియ్యొద్దు పటేలా! పని ఒడిసేదాక మేస్త్రీ నిచ్చెన ఆ గోడకే ఉండాలె. నిచ్చెన తీస్కపోయిండంటే, ఆ ఇంటికి మేస్త్రీకి లెక్క తెగినట్టే. రఘుపతి గంతే, రఘుపతి నాయిన గంతే."

"పని ఎప్పుడు ఒడుస్తది మరి?"

పైనుంచి జవాబొచ్చింది. "సున్నం నానినంక."

"ఎప్పుడు నానుతది?"

"నానినప్పుడు."

డ్రమ్ములో సున్నం నానుతోంది. తరుణ్ పొద్దున ఒకసారి మూత తీసి చూశాడు, మధ్యాహ్నం ఒకసారి చూశాడు. సాయంత్రం కట్టెతో కెలికాడు.

"అన్నం ఉడికిందా లేదా చూస్తున్నవా?" వెనకనుంచి సుమన అడిగింది.

"సిమెంటైతే ఈపాటికి పని అయిపోతుండె."

"సిమెంటు తోటే కదా గోడ గిట్లయింది! జల్ది గట్టిపడ్డది, ఇటుకను ఊపిరి తీస్కోనియ్యలే. సున్నం మెల్లగ గట్టిపడ్తది, ఇటుకతోటి కలిసి ఉంటది. ఆగమాగం చేస్తే ఏదీ నిలవది." కట్టె లాక్కుంది. "మనిషైనా గంతే."

ఆ రాత్రి తరుణ్ లేచిపోయి మళ్లీ డ్రమ్ము మూత తీసి చూశాడు. చెప్పింది సున్నం గురించా, తన గురించా?

*

పొడైపోయిన ఇటుకల జాగాలో వేరేవి పెట్టాలి. ఈ కాలం ఇటుకలు పెద్దవి, ఆ గోడలో ఇమడవు. టేక్మాల్‌లో పాత గోదాం ఒకటి కూలిందని, అక్కడ చిన్న ఇటుకలున్నాయని ఆగమ్మ కబురు తెచ్చింది.

"బండి మీద నేను తోల్కపోత," అన్నాడు తరుణ్, ఎవరూ అడగకముందే.

"నీకు పొలాల కాడ పని లేదా?"

"గాలి మస్తుంది. గాలిల డ్రోన్ ఎగరది."

చెట్ల మీద ఆకు కూడా కదలడం లేదు. ఆగమ్మ ఆకు వంకా చూసింది, తరుణ్ వంకా చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గోదాం దగ్గర సుమన ఒక్కో ఇటుకనీ తాపీ పిడితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని వింటోంది. ఖంగుమంటే పక్కన పెడుతుంది, బొద్దుమంటే పారేస్తుంది. తరుణ్ కూడా కొట్టడం మొదలుపెట్టాడు. అతను మంచిదన్నవన్నీ ఆమె పారేసింది. చివరికి ఒకటి అతని చేతిలోంచి తీసుకుని, కొట్టి, తల ఊపింది. తరుణ్‌కి ఫస్ట్ క్లాస్ వచ్చినట్టయింది.

ఇటుకలు ఆటో ట్రాలీకెక్కించి తిరిగొస్తుంటే మబ్బు పట్టింది. నాలుగు చినుకులు పడి, ఏదో పని గుర్తొచ్చినట్టు పోయాయి. బండి ఒక గుంతలో పడితే ఆమె చెయ్యి అతని భుజం మీద పడింది, గుంత దాటగానే పోయింది. ఆ తర్వాత దారిలో ఉన్న గుంతలన్నిట్నీ తరుణ్ వదలకుండా ఎక్కించాడు.

"నీకు కండ్లు కనబడవా?"

"రోడ్డు ఖరాబుంది."

"రోడ్డు మంచిగనే ఉంది, తోలేటోడే ఖరాబున్నడు." కాసేపాగి అడిగింది. "నిజం చెప్పు, నీకు షట్టర్ గావాల్నా?"

తరుణ్ గాలి మీద నెపం పెట్టి వినబడనట్టే ఉన్నాడు. నిజానికి అతనికే తెలియదు. నెల కిందట అడిగితే వెంటనే ఔననేవాడు.

"నాకైతే గా గోడ గావాలె," అంది ఆమే మళ్లీ. "నా చేతుల మొదటి పని. నిలవడితే మా నాయిన ఇగ పనులన్నీ నాకే అప్పజెప్తనన్నడు. లేకపోతే హైదరాబాద్‌ల మా మేనమామ టైల్స్ దుకాణంల కూసోని బిల్లులు కొట్టాలె. ఏసీల కూసోవచ్చంటడు మామ. నాకు కూసోవుడంటేనే భయం."

"నాకు గూడ!" అన్నాడు తరుణ్ ఉలిక్కిపడి. ఇద్దరూ నవ్వారు. బండి మీద అంత దూరం కుదురుగా కూర్చుని వచ్చినట్టు ఇద్దరిలో ఒక్కరూ గమనించలేదు.

*

గోడ రంగు తేలింది. కొత్తగా పెట్టిన పాత ఇటుకలు ఎక్కడున్నాయో వెతికితే గాని దొరకడం లేదు. ఇటుకల సందుల్లో తెల్లటి సున్నం సన్నగా నిండింది. ఇక తడి ఆరకుండా చూసుకోవడమే మిగిలింది.

సుమన వాళ్లమ్మకు ఏడుపాయల దుర్గమ్మ మొక్కు ఉంది. పొద్దున్నే ఇద్దరూ బయల్దేరాలి. ముందురోజు సాయంత్రం సుమన తరుణ్‌ని పిలిచి ఎట్లా తడపాలో చూపించింది. బకెట్లో వేపకొమ్మ ముంచి, గోడ మీద మెల్లగా విదిలించింది.

"గిట్ల. రేపు నేను వచ్చేదాక ఆరనియ్యకు. నీ మీద విడిచిపెట్టి పోతున్న."

నీ మీద! ఆ మాట పట్టుకుని తరుణ్ తెల్లారక ముందే లేచాడు. వేపకొమ్మతో ఒక మూల నుంచి మొదలుపెట్టాడు. సగం గోడ తడిపేసరికి ఎండెక్కింది, మొదటి మూల ఆరిపోయినట్టు కనిపించింది. మళ్లీ అక్కడికి ఉరికాడు. ఇటు తడిపితే అటు ఆరుతోంది. ఇట్లయితే ఎట్లా? ఆమె వచ్చి చూసేసరికి గోడ నిగనిగలాడాలి.

బోరు మోటారు వేశాడు. పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టాడు. నీళ్లు సర్రున గోడకు తగిలాయి. పని ఎంత జల్ది అయిపోయింది! తన తెలివికి తనే మురిసిపోతూ కిందికి చూశాడు. గోడ కింది మోరీ కాలువలో పాలు పారుతున్నాయి.

పాలు కావు. సున్నం.

మధ్యాహ్నం సుమన బస్సు దిగి నేరుగా ఇక్కడికే వచ్చింది. నుదుట పసుపు బండారి, చేతిలో కొబ్బరి ప్రసాదం. గోడ ముందు నిలబడింది. సందులన్నీ పళ్లూడిన నోరులా ఉన్నాయి.

"మోటారు పెట్టినవా?"

"మంచిగ తడవాలని..."

"షట్టర్ గావాల్నంటే నోరు తెర్చి చెప్తే అయిపోతుండె కదా!" ఆమె ఖాళీ సందులో వేలు పెట్టి చూసింది. "టేక్మాల్ తొవ్వల అడిగిన. అప్పుడెందుకు చెప్పలే? నన్ను నమ్మించి, నేను లేంది చూసి..."

"గట్ల కాదు సుమనా! నేను..."

ప్రసాదం సుశీల చేతిలో పెట్టింది. తాపీ, ఉలి, సుత్తె, గమేళాలు మూటగట్టుకుంది. వెనక్కి తిరగకుండా గల్లీ మలుపు దాటింది.

అరుగు మీదికొచ్చిన దామోదర్ మోరీని చూశాడు, గోడను చూశాడు. "గిదేనా పని? పైపు నీళ్లకు పోయేది వానకు నిలుస్తదా?"

తరుణ్ తండ్రికి ఎదురొచ్చి నిలబడ్డాడు. "పని ఖరాబ్ లేదు డాడీ. నేను ఖరాబ్ చేసిన. సున్నం పచ్చిగున్నప్పుడు మోటారు పెట్టిన."

"నీకే కదరా షట్టర్ గావాలె!"

"వద్దు నాకు. గోడ గావాలె."

దామోదర్ కొడుకును ఎగాదిగా చూశాడు. "సరే. ఎవరు ఖరాబ్ చేసినా వానకు తెల్వదు. నా మాట మాటే."

*

ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేస్తే స్విచ్ ఆఫ్. తరుణ్ ఇంటికే పోయాడు. రఘుపతి గుమ్మంలో కుర్చీ వేసుకుని మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాడు.

"రఘుపతి కాకా, సుమన ఉన్నదా?"

"లేదు పటేలా."

"చెప్పులున్నయి కదా?"

"చెప్పులున్నయి. మనిషి లేదు." రఘుపతి మొఖంలో నవ్వూ లేదు, కోపమూ లేదు. "పోయి రాండ్రి."

లోపల ఎక్కడో గిన్నె ఒకటి గట్టిగా కింద పెట్టిన చప్పుడైంది.

తరుణ్ బండి వెనక్కి తిప్పాడు. ఎల్లుండో ఆ తర్వాతో ఆమె హైదరాబాద్ బస్సెక్కుతుంది. టైల్స్ మధ్య కూర్చుని బిల్లులు కొడుతుంది. తన వల్ల! ఇల్లు చేరి, ఎప్పటిలాగే చూసుకోకుండా బండిని నిచ్చెనకు గుద్దాడు. అలవాటుగా నిచ్చెనను తిట్టబోయి ఆగాడు.

నిచ్చెన!

మూట కట్టుకున్నప్పుడు తాపీ తీసుకుపోయింది, గమేళాలు తీసుకుపోయింది. నిచ్చెన తీసుకుపోలేదు. మోయలేక కాదు, రోజూ ఒక్కతే భుజానికెత్తి గోడ వెంట జరిపేది. అంటే లెక్క తెగలేదు. తరుణ్ ఆ నిచ్చెన మెట్టు మీదే కాసేపు కూర్చుండిపోయాడు.

మర్నాడు పొద్దున డ్రమ్ములో మిగిలిన సున్నం తీశాడు. ఇంట్లో తాపీ లేదు. వంటింట్లో అట్లకాడ దొరికింది. జల్లెడ కోసం వచ్చిన ఆగమ్మ ఆ సొగసు చూసి, జల్లెడ మర్చిపోయి, చెప్పులు టపటపలాడించుకుంటూ వెనక్కి పోయింది. సుమన దగ్గరికి పోయి ఏం చెప్పిందంటే, "పోరడు గోడకు పెడ్తుండో, మూతికి పూస్కుంటుండో ఎర్కలేదు బిడ్డా. అట్లకాడ తోటి!"

కాసేపటికి నిచ్చెన కింద నుంచి గొంతు వినిపించింది.

"దిగు."

తరుణ్ దిగలేదు. "దిగితే మళ్ల నువ్వు పోతవు."

"నువ్వు గట్ల పెడ్తే గోడే పోతది. పైపైన పూస్తే మేకప్ అయితది. లోపలికి నొక్కాలె. దిగు ముందు!"

దిగాడు. జుట్టు నిండా సున్నం, చెవి మీద సున్నం. ఆమె నవ్వకూడదని పెదవి బిగించుకుంది.

"షట్టర్ కోసం పెట్టలే మోటారు," అన్నాడు గబగబా, మళ్లీ అవకాశం రాదేమోనని. "వచ్చి చూసి, 'అబ్బ, మంచిగ తడిపినవ్' అంటవని పెట్టిన. గంతే. అమ్మ తోడు."

సుమన అతని చేతిలోని అట్లకాడ లాక్కుంది.

"గా ఒక్క మాట కోసం మోటారు పెడ్తరా ఎవరన్న?"

"నేను పెడ్త."

ఇక ఆమె వల్ల కాలేదు. ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది, ఆ చేతి సున్నం బుగ్గకంటింది. "తాపీ అందుకో," అంది. 'సార్' అనలేదు.

ఆ తర్వాత గోడను ఎట్లా తడపాలో తరుణే కనిపెట్టాడు. పొలాలకు మందు కొట్టే చేతి పంపు ఒకటి కొత్తది తెచ్చాడు. "మందు కొట్టిందా?" అని ఆమె అనుమానంగా వాసన చూసింది. సన్నటి మూతి పెట్టి కొడితే నీళ్లు మంచులా గోడ మీద వాలాయి. సందులో సున్నం చెక్కు చెదరలేదు. గోనె సంచులు తడిపి పైన కప్పారు. రోజంతా సంచి ఆరితే కొట్టడం, గోడ పక్కనే కూర్చోవడం. చాయ్ గ్లాసు చేతిలో పెడితే తరుణ్ గోడను చూస్తూ మర్చిపోయి, ఆరినాక తాగాడు. సుశీల చూసి దేవుడికి దండం పెట్టుకుంది.

*

మిరుగం వాన ఊరికే రాలేదు. పగలే చీకటి చేసుకుని, ఖిల్లా కనపడకుండా కమ్ముకుని కురిసింది. గాలికి జల్లంతా ముందరి గోడకే కొట్టింది.

హాల్లో అందరూ నిలబడ్డారు. సుమన కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. తరుణ్‌కి మాత్రం కాలు ఒకచోట నిలవడం లేదు. గోడ దగ్గరికి పోతాడు, వాసన చూస్తాడు, వెనక్కొస్తాడు.

"ఒక్కకాడ నిలవడురా!" దామోదర్ కసిరాడు. ఆయన మాత్రం అప్పటికి హాలు ఎన్నిసార్లు చుట్టాడో ఆయనకే తెలియదు.

వాన తగ్గింది. దామోదర్ గోడకు అరచెయ్యి ఆనించాడు. కిందికి వంగి ఇంకోచోట ఆనించాడు. ఎప్పుడూ మరక లేచే మూలకు పోయి, రెండు చేతులూ పెట్టి చాలాసేపు ఉంచాడు. తర్వాత ఆ చేతులు భార్య ముందు చాపాడు. పొడిగా ఉన్నాయి.

"జేసీబోనికి వద్దని చెప్పాలె," అని గొణిగి, సుమన వైపు తిరిగాడు. "మేస్త్రీ! మంచిగ చేసినవమ్మా."

రఘుపతినే తప్ప ఇంకెవర్నీ ఆ ఇంట్లో అట్లా పిలిచి ఎరగరు. సుమన దండం పెట్టి గబగబా వాకిట్లోకి పోయింది.

తరుణ్ వెనకే పోయాడు. ఆమె నిచ్చెన మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

"పని ఒడిసింది. నిచ్చెన తీస్కపోత," అంది.

తీయలేదు. నిలబడింది. 

"తీస్కపోనా?" మళ్లీ అడిగింది.

"ఒడవలే పని."

"ఏం మిగిలింది?"

"సున్నం గట్టిపడాలె కదా. ఆగాలె."

"నేను సున్నం కాదు!" సుమన కాలు నేలకేసి కొట్టింది. "చెప్పేదేదో జల్ది చెప్పు!"

"నిచ్చెన ఎప్పటికీ ఈడనే ఉండాలె. నువ్వు గూడ. నువ్వంటే నాకు పానం, సుమనా."

ఆమె మొఖం ఎర్రబడింది. తర్వాత నెమ్మదిగా సర్దుకుంది. "నాకు గూడ," అంది చిన్నగా. "గానీ ఒక్కటి యాదుంచుకో. మా నాయిన గీ ఇంటికి ఎన్నేండ్ల సంది వస్తుండు. ఒక్కనాడన్న లోపల కూసోవెట్టిండ్రా? వాకిట్లనే నిలవెట్టి మాట్లాడిండ్రు. గట్లాంటి ఇంట్ల నేనెట్ల ఉంట?"

తరుణ్ తల దించుకున్నాడు. 

జవాబు కిటికీలోంచి వచ్చింది. ముందు దామోదర్ దగ్గు వినిపించింది. "సుశీలా, నా అంగీ ఏది?"

"గిప్పుడు ఏడికి పోతరు, బురదల?"

"రఘుపతి ఇంటికి. గా మనిషి మోకాళ్ల నొప్పుల తోటి రాలేడు. మనమే పోయి కూసోవాలె. నువ్వు గూడ నడువు. ఉత్త చేతులతోటి పోతమా, ఏమన్న పండ్లు పట్టుకో." గడప దాటి బయటికొచ్చి, ఇద్దర్నీ చూసి, ఎటు చూడాలో తెలియక ఆకాశం చూశాడు. "కులపోళ్లు నాలుగు మాటలంటరు. అననియ్యి. మళ్ల మబ్బు పట్టింది. గా నిచ్చెన తడుస్తది, లోపల పెట్టుండ్రి."

సుమన ఒక కొస పట్టుకుంది, తరుణ్ ఒక కొస పట్టుకున్నాడు.

"మెల్లగ," అంది ఆమె. "గోడకు తాకియ్యకు."

అతను మెల్లగానే నడిచాడు. ఇద్దరూ నిచ్చెనతో గడప దాటి లోపలికి పోయారు.